పొద్దున వెళ్ళి దీపాల వేళకు ఇంటికి

మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వాళ్ళకు ఉన్న ఒక పెద్ద సౌకర్యం గురించి ఎవరూ మాట్లాడరు. ట్రాఫిక్ గురించి మాట్లాడతారు, మెట్రో గురించి మాట్లాడతారు, నీళ్ళ ట్యాంకర్ల గురించి మాట్లాడతారు. కానీ ఎల్.బి.నగర్ చౌరస్తాలో నిలబడితే విజయవాడ రోడ్డు ఒకవైపు, సాగర్ రోడ్డు ఒకవైపు, ఉప్పల్ దాకా వెళ్ళి ఎక్కితే వరంగల్ రోడ్డు ఇంకొకవైపు. చరిత్రలో పేరున్న ఊళ్ళెన్నో ఈ మూడు రోడ్ల మీదే ఉన్నాయి. పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చేయవచ్చు.

మరి మనం ఎందుకు వెళ్ళం? ఒక్కసారి ఆలోచించండి. ఇల్లాలు ఊరు దాటేది ఎప్పుడు? పెళ్ళికి, పురుటికి, పరామర్శకు. లేదా మొక్కు తీర్చుకోవడానికి. వెళ్ళిన చోటా వంటింట్లోనే ఉంటాం. చూడాలనిపించి, చూడటానికే ఒక ఊరు వెళ్ళినవాళ్ళు మన వీధిలో ఎంతమంది? మా వీధిలో ఇరవై ఏళ్ళుగా ఉంటూ సరూర్‌నగర్ రైతుబజారు, చైతన్యపురి, కోఠి తప్ప ఇంకేమీ చూడని వాళ్ళను నేను వేళ్ళ మీద కాదు, రెండు చేతులా లెక్కపెట్టగలను.

విదేశాల్లో పిల్లలున్న వాళ్ళు చెబుతుంటారు. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కు వెళ్ళినవాళ్ళు అక్కడే బస ఉంచుకుని, పొద్దున రైలెక్కి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న టొలెడో అనే ఒకప్పటి రాజధానిని చూసి రాత్రికి మళ్ళీ మాడ్రిడ్ చేరతారట. ఇంకోరోజు సెగోవియా వెళ్ళి రోమన్లు కట్టిన పెద్ద నీటికాలువ వంతెన చూస్తారు. పెట్టెలు మోసే పని లేదు, హోటళ్ళు మారే పని లేదు. మనకైతే హోటలు ఖర్చు కూడా లేదు. మన ఇల్లే బస. ఆ టొలెడోకన్నా దగ్గరలో మనకు భువనగిరి ఉంది.

ఒక రోజుకు ఒకే ఊరు

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఇది. "ఎలాగూ వెళ్తున్నాం కదా, ఆ పక్కది కూడా చూసేద్దాం" అన్నారో, రోజంతా వ్యాన్ కిటికీలోంచి చూడటంతోనే సరి. మా కాలనీవాళ్ళు ఒకసారి అలా ఒక్క రోజులో ఐదు చోట్లు తిరిగి వచ్చారు. ఏం చూశారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో గుడి పేరు చెప్పారు. ఏ శిల్పం ఏ గుడిలోదో ఎవరికీ గుర్తు లేదు. నడుం నొప్పి మాత్రం అందరికీ గుర్తుంది.

రెండో సూత్రం: వెళ్ళే బస్సు కాదు, వచ్చే బస్సు చూసుకుని ప్లాను వేయాలి. దిగగానే బస్టాండులో "హైదరాబాదుకు బస్సులు ఎన్నింటికి, ఆఖరిది ఎప్పుడు?" అని అడిగి కాగితం మీద రాసుకోండి. ఆఖరి బస్సు కాకుండా దానికి ముందుది మన బస్సు అనుకోండి.

మూడోది: గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళు ఎవరో, వాళ్ళ నడకను బట్టే ఊరును ఎంచుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని భువనగిరి గుట్ట కింద కూర్చోబెట్టి మనం పైకి వెళ్తే, అది ఆవిడకు విహారం కాదు, కాపలా.

మొదటిసారికి పానగల్లు

ఎప్పుడూ వెళ్ళనివాళ్ళు మొదటిసారి నల్గొండ పక్కన పానగల్లుకు వెళ్ళమని నేను చెబుతాను. ఎక్కాల్సిన మెట్లు లేవు. ఎల్.బి.నగర్‌లో నల్గొండ బస్సెక్కితే చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా వంద కిలోమీటర్ల లోపే. నల్గొండ బస్టాండు నుంచి పానగల్లుకు ఆటోలు ఉంటాయి.

ఇక్కడ కందూరు చోడులు పాలించిన కాలపు గుళ్ళున్నాయి. ఛాయా సోమేశ్వరాలయం త్రికూటాలయం, అంటే ఒకే మండపానికి మూడు వైపులా మూడు గర్భగుళ్ళు. వాటిలో ఒకదానిలో శివలింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ కదలాలి కదా! ఇక్కడ కదలదు. అది ఏదో ఒక్క స్తంభం నీడ కాదని, మండపం స్తంభాల మధ్య నుంచి వెలుగు లోపలికి వచ్చే తీరే అందుకు కారణమని చదువుకున్నవాళ్ళు వివరిస్తారు. భౌతికశాస్త్రం పాఠమంటే పారిపోయే పిల్లలను తీసుకువెళ్ళండి. వాళ్ళే అటూ ఇటూ పరుగెత్తి ఏ స్తంభమో వెతుకుతారు. మబ్బు పట్టిన రోజు మాత్రం వెళ్ళకండి. ఎండ ఉంటేనే నీడ!

ఊళ్ళోనే పచ్చల సోమేశ్వరాలయం ఉంది. గోడల మీద పురాణ కథల శిల్పాలు వరుసగా ఉంటాయి. పక్కనే మ్యూజియం. దగ్గరలో పెద్ద చెరువు, ఉదయసముద్రం. కట్ట మీద గాలికి కూర్చుని అన్నం తింటే ఆకలి రెట్టింపవుతుంది.

మేము వెళ్ళింది ఆరుగురం. అందులో మా అత్తగారు ఒకరు, వయసు డెబ్భై రెండు. "ఆ రాళ్ళల్ల ఏం చూసేదున్నది బిడ్డా?" అంటూనే బస్సెక్కారు. ఆ నీడ దగ్గర మాత్రం పావుగంట కదల్లేదు. తిరుగు బస్సులో ఆవిడ అన్న మాట ఇది. "గిన్నేండ్లల్ల పెండ్లికో చావుకో తప్ప బస్సెక్కింది లేదు. ఉత్తగ చూసొద్దామని పోవుడు గిదే మొదటిసారి." యాభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి! ఆ మాట విన్నాకే దీన్ని నలుగురికీ చెప్పాలనిపించింది.

మా టైము ఇలా గడిచింది. ఉదయం ఆరున్నరకు ఎల్.బి.నగర్‌లో బస్సు. తొమ్మిది దాటాక నల్గొండలో టీ. తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు ఛాయా సోమేశ్వరం. తర్వాత పచ్చల సోమేశ్వరం, మ్యూజియం. ఒంటిగంటకు భోజనం, కాస్త నడుం వాల్చడం. మూడింటికి తిరుగు బస్సు. ఆరింటికి ఇంట్లో దీపం పెట్టాను.

ఎరకసాని కట్టించిన గుడి

అదే విజయవాడ రోడ్డులో ఇంకా ముందుకు వెళ్తే సూర్యాపేట. అక్కడికి కొద్ది దూరంలో పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు పాలించిన చోటు. నామిరెడ్డి 1202లో కట్టించిన నామేశ్వరాలయం ఉంది. ఇంకొకటి ఎరకేశ్వరాలయం. దీన్ని 1208లో కట్టించింది బేతిరెడ్డి భార్య ఎరకసాని. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక ఇల్లాలు తన పేరున గుడి కట్టించి నిలబెట్టింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆవిడ గురించి ఎంత చదువుకున్నాం చెప్పండి?

నల్లరాతి స్తంభాలు అద్దంలా నునుపు. దగ్గరగా వంగి చూడండి, నగలు, జడలు, నాట్య భంగిమలు ఎంత సన్నగా చెక్కారో తెలుస్తుంది. సొంత కారులో వెళ్ళేవాళ్ళు అదే రోడ్డులో నకిరేకల్ దగ్గర చందుపట్ల కూడా చూడవచ్చు. కాకతి రుద్రమదేవి మరణాన్ని తెలిపే 1289 నాటి శాసనం అక్కడ ఉంది. గుడీ కాదు, కోటా కాదు, ఒక రాయి. కానీ ఇంత పెద్ద రాణి ఎప్పుడు పోయిందో మనకు చెప్పింది ఆ రాయే.

గుట్ట ఎక్కగలిగితే భువనగిరి

ఉప్పల్ వెళ్ళి వరంగల్ రోడ్డు పట్టుకుంటే గంటా గంటన్నరలో భువనగిరి. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్ళే రైళ్ళలో కొన్ని కూడా ఇక్కడ ఆగుతాయి. ఒకే ఒక్క బండరాయి గుట్టగా లేచి నిలబడింది. ఎత్తు 500 అడుగులకు పైనే. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరున త్రిభువనగిరి అయింది, అదే వాడుకలో భువనగిరి.

ఎక్కాలంటే మోకాళ్ళు గట్టిగా ఉండాలి. ఎనిమిదింటికల్లా మెట్ల దగ్గర ఉండాలి. ఎండెక్కితే బండ పెనంలా కాలుతుంది. జారని చెప్పులు వేసుకోండి, చీర కట్టేవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి. వానలో వద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. శని, ఆదివారాల్లో యాదగిరిగుట్ట వెళ్ళే భక్తులతో ఈ దారి బస్సులు కిటకిటలాడతాయి కాబట్టి వీలైతే మామూలు రోజు పెట్టుకోండి.

గుట్ట ఎక్కలేనివాళ్ళు అదే దారిలో ఆలేరు దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొలనుపాక చూడవచ్చు. ఇది జైనులకు ఎంతో పవిత్రమైన పాత క్షేత్రం. ఆదినాథుడిని ఇక్కడ మాణిక్యదేవుడంటారు. పచ్చరాతితో చేసిన మహావీరుడి విగ్రహం చూసి తీరాలి. కల్యాణి చాళుక్యుల కాలంలో గొప్ప నగరమిది. సోమేశ్వరాలయం ఉంది, వీరశైవులకు రేణుకాచార్యుల స్థలంగా ముఖ్యం. ఒకే ఊళ్ళో రెండు మతాల చరిత్ర, అన్నీ నేల మీదే, మెట్ల బాధ లేదు.

వరంగల్‌కు తెల్లవారుజామునే

వరంగల్ సుమారు 145 కిలోమీటర్లు. ఒక్క రోజులో వచ్చేయవచ్చు గానీ ఆరింటికల్లా బస్సులోనో రైల్లోనో ఉండాలి. ముందు హనుమకొండలో వేయిస్తంభాల గుడి. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే గుడి. ఏళ్ళ తరబడి విప్పి పెట్టిన కల్యాణ మండపాన్ని బాగుచేసి 2024 మార్చిలో తిరిగి తెరిచారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఖిలా వరంగల్. నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిలబడి ఉంటాయి. వాటి నడుమ ఉండిన గుడి మాత్రం కూలిపోయి ముక్కలై పడి ఉంది. ఆ ముక్కల మధ్య నెమ్మదిగా నడవండి. కోట గణపతిదేవుడి కాలంలో మొదలై ఆయన కూతురు రుద్రమదేవి చేతిలో పూర్తయింది.

రామప్ప కూడా అదే రోజు చూసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. కానీ అది వరంగల్ దాటి ఇంకా 65 కిలోమీటర్లకు పైనే. దానికి వేరే రోజు, వీలైతే రాత్రి బస.

సగం రోజే దొరికితే పోచంపల్లి

పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు తిరిగి రావాలనేవాళ్ళకు భూదాన్ పోచంపల్లి. మన ఎల్.బి.నగర్ నుంచి 40 కిలోమీటర్లు ఉంటుందేమో. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చి భూమి లేనివాళ్ళకు ఎవరైనా ఇస్తారా అని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చారు. దేశమంతా నడిచిన భూదానోద్యమం పుట్టింది ఈ ఊళ్ళోనే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది.

చీర కొనడానికే కాదు, నేయడం చూడటానికి వెళ్ళండి. నూలుకు ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గానికి ఎక్కిస్తారు. ఆసు పోయడమనే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. ఒక్క చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం అనే నేత కుటుంబపు కొడుకు ఆసు యంత్రం తయారు చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ కథ తెలిశాక చీర ధర దగ్గర బేరమాడాలనిపించదు.

సాగర్ రోడ్డు

ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్ సుమారు 150 కిలోమీటర్లు. ఆనకట్ట ఒక్కటే చూసి వచ్చేస్తారు చాలామంది. నీటి మధ్య ఉన్న నాగార్జునకొండే అసలు చరిత్ర. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడే ఉండేది. ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించారు. 1966లో దీవి మీద మ్యూజియం పెట్టారు. ఇక్కడి శాసనాల్లో దానం చేసినవాళ్ళు ఎక్కువగా స్త్రీలే. రాజు చాంతమూలుడి చెల్లెలు చాంతిశ్రీ మహాచైత్యం కట్టించింది. బోధిశ్రీ అనే ఉపాసిక చైత్యగృహాలు కట్టించింది. పదిహేడు వందల ఏళ్ళ కిందటి మాట!

దీవికి లాంచీలో వెళ్ళాలి. నీళ్ళను బట్టి, జనాన్ని బట్టి లాంచీ నడుస్తుంది. ముందురోజే ఫోను చేసి అడగండి. లేదంటే 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది. 274 ఎకరాల్లో బుద్ధుడి జీవితం, స్తూపాల నమూనాలు. పెద్దవాళ్ళతో వెళ్తే అదొక్కటే ఒక పూటకు చాలు.

టికెట్టు సంగతి

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు ఇస్తారు. టికెట్టు తీసుకోవడం మాత్రం మరచిపోకండి. డీలక్స్, సూపర్ లగ్జరీలకు ఇది వర్తించదు, ఎక్కేముందు బోర్డు చూసుకోండి. "డబ్బులు ఎక్కడివి?" అని ఇంట్లో ఇన్నాళ్ళూ అన్న మాటకు ఇదే జవాబు. పానగల్లుకు మా ఆరుగురికీ ఖర్చయింది ఆటోకు, టీకి, మ్యూజియానికి మాత్రమే.

పురావస్తు మ్యూజియంలు చాలావాటికి శుక్రవారం సెలవు. అందుకని శుక్రవారం వద్దు.

వంట ఎవరు చేయాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బయటకు వెళ్తున్నామంటే ఇల్లాలు తెల్లవారుజామున మూడింటికి లేచి, ఇంట్లో ఉండేవాళ్ళకు వంట, వెళ్ళేవాళ్ళకు పులిహోర, పిల్లలకు చపాతీలు చేసి, గిన్నెలు తోమి, బస్సెక్కగానే నిద్రపోతుంది. అలా వెళ్ళడం కన్నా మానుకోవడం నయం. అందుకని వంటను పంచుకోండి. ఒక ఇంటినుంచి పులిహోర, ఒక ఇంటినుంచి దద్దోజనం, ఒకరు జొన్నరొట్టెలు, ఎండు కొబ్బరి కారం, ఒకరు అరటిపండ్లు, సకినాలు. ఇంట్లో ఉండేవాళ్ళకు ముందురోజు రాత్రే చెప్పేయండి. కుక్కర్ ఎక్కడుందో, పప్పు డబ్బా ఎక్కడుందో చూపిస్తే చాలు. ఒక్కరోజు వండుకుంటే ఎవరికీ ఏమీ కాదు.

దద్దోజనం మధ్యాహ్నానికి పులవకుండా ఒక చిట్కా. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి మెదిపి, పెరుగు ఒక చెంచా మాత్రమే కలపండి. తాలింపు పెట్టి డబ్బాలో సర్దండి. తినే వేళకు సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. పులిహోర అన్నం పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, వేడిమీద మూత పెడితే చెమ్మపట్టి పాడవుతుంది.

సంచిలో ఉండవలసినవి

మనిషికి రెండు సీసాల నీళ్ళు, ఆధార్ కార్డు, మందులు, గొడుగు, పాత దుప్పటి, పాత న్యూస్‌పేపర్లు, చెత్తకు ఒక కవరు, సబ్బు ముక్క, శానిటరీ ప్యాడ్లు, చిల్లర డబ్బులు. బాత్రూముల గురించి సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేయకండి. ఎండలో అది ప్రమాదం. బస్టాండులో దిగగానే ఒకసారి, ఊళ్ళో భోజనం చేసిన చోట ఒకసారి, తిరుగు బస్సెక్కేముందు ఒకసారి వెళ్ళేటట్టు అందరూ ముందే అనుకోండి.

ఒక చిన్న నోటుబుక్కు కూడా పెట్టుకోండి. ఏ బస్సు ఎన్నింటికి దొరికింది, ఆటో ఎంత అడిగాడు, ఎంతకు ఒప్పుకున్నాడు, ఏ గుడి ఏ వేళకు మూశారు, అన్నీ రాయండి. మా నోటుబుక్కు ఇప్పుడు మా వీధిలో నాలుగో ఇంట్లో ఉంది. వాళ్ళు వచ్చేనెల రెండో శనివారం పిల్లలమర్రి వెళ్తున్నారు. మీరూ ఇంట్లోవాళ్ళతో మాట్లాడి ఒక తేదీ ఖాయం చేసుకోండి. ఆ తేదీన ఎవరింట్లోనూ పెళ్ళి లేకుండా చూసుకోండి సుమా!